ఏమీ చేయనివాళ్ళ జాబితా

బట్టలు ఆరేసుకోవడానికి మంచి బాల్కనీ ఉందని లెక్చరరమ్మ వాళ్ళు ఆ ఫ్లాటు కొనుక్కున్నారు. కొన్నాక తెలిసింది, పై అంతస్తు పళ్ళ డాక్టరు గారి ఏసీ పైపు సరిగ్గా ఆ బాల్కనీలోకే తిరిగి ఉందని. ఆరిన చొక్కా తీసుకుందామని వెళ్తే తడిసిన చొక్కా చేతికొచ్చేది. పైకెళ్ళి చెబితే డాక్టరు గారు చాలా మర్యాదగా విని, "రేపే మనిషిని పిలిపిస్తానండీ" అనేవారు. ఆ రేపు రెండేళ్ళుగా రాలేదు.

ఆ ఆదివారం పొద్దున లెక్చరరమ్మ మనసు మాత్రం చొక్కా మీద లేదు. ఆమె కాలేజీలో సోషియాలజీ చెబుతుంది. బిల్డింగంతా ఆమెను లెక్చరరమ్మ అనే పిలుస్తారు. సగం ఉద్యోగాన్ని బట్టి, సగం ఆమెను టైమెంతయిందని అడిగినవాళ్ళ అనుభవాన్ని బట్టి. నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. వాతావరణం మారిపోతోందని తెలిసి కూడా మామూలు జనం దానికోసం ఏం చేస్తున్నారు, ఏం చేయడం లేదు, ఎందుకు చేయడం లేదు, ఇదీ విషయం. గైడు గారు గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి పెంచే అధికారం తనకు లేదనీ, ఉన్నా పెంచననీ చెప్పేశారు. ఇంకో ఎనిమిది రోజుల్లో, అంటే పై సోమవారం పది గంటలకల్లా ఒక్క ఇంటర్వ్యూ రికార్డింగు ఆయనకు చేరాలి. చేరకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

"అది కూడా ఏమీ చేయని మనిషితోనే మొదలుపెట్టండి. చేసేవాళ్ళు ఎలాగూ అడక్కపోయినా చెప్పుకుంటారు" అన్నారాయన ఫోనులో. "ఇంకో మాట. ప్రశ్న అడిగాక మీరు మాట్లాడకండి. వినండి. నాలుగేళ్ళుగా మీ సమస్య అదే."

అందుకని ఆమె కాఫీ పక్కన పెట్టుకుని, నోటుబుక్కులో రెండు గళ్ళు గీసింది. సొంత బిల్డింగులోనే పన్నెండు మంది, మనిషికో గంట. ఎడమవైపు 'వాతావరణం కోసం ఏదో ఒకటి చేసేవాళ్ళు', కుడివైపు 'ఏమీ చేయనివాళ్ళు'. ఇలాంటి పనిలో మొదటి నియమం గోప్యం, ఎవరి పేరూ బయటపడకూడదు. కాబట్టి ఎంతో జాగ్రత్తగా అందరికీ మారుపేర్లు పెట్టింది.

ఎడమ గడిలో, ఒకే బకెట్టుతో స్నానం చేసి ఆ సంగతి నలుగురికీ చెప్పే రిటైర్డ్ ఇంజనీరు గారు 'బకెట్ ఇంజనీరు' అయ్యారు. బిల్డింగు కమిటీ ప్రెసిడెంటు కూడా ఆయనే. లిఫ్టెక్కని డ్రిల్లు మాస్టారు 'మెట్ల మాస్టారు' అయ్యారు. కుడి గడిలో ఒక్క మనిషికి రెండు బళ్ళున్న కాంట్రాక్టరు 'రెండు కార్లు'. రోజూ గంటసేపు గుమ్మం ముందు పైపుతో కడిగే ఆవిడ 'పైపు పిన్ని'. పైనున్న పళ్ళ డాక్టరు 'చుక్కల డాక్టరు'. పరిశోధనలో బంధుప్రీతి పనికిరాదు కాబట్టి సొంత మొగుడు 'ఫ్యాను మతిమరుపు', ఎవరూ చూడకపోయినా పొద్దస్తమానం టీవీ మోగించే అత్తగారు 'టీవీ అత్త'. మరో నలుగురితో ఎడమ గడి నిండింది. కుడి గడిలో ఆరో చోటు ఖాళీగా ఉండిపోయింది. ఎంత బుర్ర గోక్కున్నా ఏమీ చేయని ఆరో మనిషెవరో ఆమెకు తట్టలేదు.

అదే సమయానికి ఆమె భర్త బాల్కనీలో నిలబడి తడిసిన చొక్కాకు ఫోటో తీస్తున్నాడు, బిల్డింగు గ్రూపులో పెట్టి పళ్ళ డాక్టరు పరువు తీద్దామని.

"ఏవండీ, ఎలాగూ ఫోను చేతిలో ఉందిగా. టేబులు మీద నోటుబుక్కుంది, ఆ పేజీ కూడా ఫోటో తీసి మా గైడు గారికి పెట్టండి. నా చేతులకి సబ్బుంది."

"ఏం రాయమంటావ్?"

"లిస్టు ఇదీ, వీళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి మాట్లాడిస్తానని రాయండి, చాలు."

ఆయన రెండూ పంపాడు. ఒకటి గైడుకి, ఒకటి గ్రూపుకి. ఏది ఎవరికన్నదే తేడా.

గైడు గారికి తడిసిన చొక్కా ఫోటో, కింద "రోజూ ఇదే వరస. ఇంకా ఎన్నాళ్ళు ఓపిక పట్టాలి?" అన్న మాటా అందాయి. ఆయన నిమిషంలో జవాబిచ్చారు: "ఓపిక పట్టాల్సింది మీరు కాదు, నేను. లిస్టు ఏది?"

లిస్టు అప్పటికే నలభై రెండు కుటుంబాలు చదువుతున్నాయి. మామూలు పేర్లు రాసి ఉంటే ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు, మనం కాదులే అనుకోవచ్చు. పైపు పిన్ని మాత్రం బిల్డింగు మొత్తానికి ఒక్కతే.

మొదట వచ్చింది ఇంజనీరు గారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"అమ్మా, పైకి చెప్పను గానీ మనసు నిండిపోయింది. నోటీసు బోర్డు మీద కూడా అంటించేశాను."

"అయ్యో, అది రహస్యమండీ!"

"మంచిపని చేసేవాళ్ళకి రహస్యమెందుకమ్మా?"

ఆయన వెనకే కాంట్రాక్టరు. "రెండు కార్లా? ఆ రెండోది మా బావమరిదిదండీ! వాడి ఇంటి దగ్గర పార్కింగు లేక ఇక్కడ పెట్టుకున్నాడు. అది కదిలి ఎనిమిది నెలలైంది. అసలు లెక్కేస్తే నేను దాన్ని నడపకుండా భూమికి ఎంత మేలు చేస్తున్నాను?"

"అందులో తప్పుపట్టడం ఏమీ లేదండీ. అసలు సమాజశాస్త్రంలో..."

"సమాజశాస్త్రం తర్వాత. నన్ను ముందు అటు గడిలోకి మార్చండి."

పైపు పిన్ని లోపలికి కూడా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. "నా గుమ్మం శుభ్రంగా ఉండటం మీకు అంత కంటగింపైందా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయింది. డాక్టరు గారు మాత్రం మర్యాదగా ఫోను చేసి, "రేపే మనిషిని పిలిపిస్తాను, నా పేరు తీసేయండి" అన్నారు.

వంటింట్లోంచి అత్తగారు హాల్లోకి వచ్చింది. టీవీ కట్టేసింది. పెళ్ళై పదహారేళ్ళలో అత్తగారున్న ఇంట్లో అంత నిశ్శబ్దం లెక్చరరమ్మ ఎప్పుడూ వినలేదు.

ఇక ఆ వారమంతా కుడి గడి నడుం బిగించింది. కాంట్రాక్టరు ఎక్కడినుంచో సైకిలు తెచ్చి, ఎవరో ఒకరు కిటికీలోంచి చూసేదాకా గేటు దగ్గర గంట కొడుతూ చుట్లు తిరిగాడు. పైపు పిన్ని పైపు చుట్టేసి చీపురు పట్టింది. వాడిన నీళ్ళు "ఒక మగ్గూ... రెండు మగ్గులూ..." అని రెండో అంతస్తుకి వినబడేలా లెక్కపెట్టింది. డాక్టరు గారు మనిషిని పిలిపించలేదు గానీ ఏసీయే ఆపేసి, కిటికీలు తీసుకుని విసనకర్రతో కూర్చున్నారు. రెండేళ్ళలో మొదటిసారి చొక్కా ఆరింది. ఆరిందన్న సంతోషం చొక్కాగలాయనకు లేదు, ఎందుకంటే ఆయన ఇల్లంతా తిరుగుతూ ఫ్యాన్లు కట్టేస్తున్నాడు. కింద మనుషులున్నా సరే.

ఎడమ గడివాళ్ళు విశ్రాంతి తీసుకున్నారు. మెట్ల మాస్టారు లిఫ్టులో ఎదురుపడి, "లిస్టులో ఉన్నాంగా మేడమ్, ఒక్క వారానికి ఏమవుద్ది" అన్నారు. ఇంజనీరు గారి బాత్రూంలో షవరు ముప్పావుగంట పాడుతోందని కింద ఫ్లాటువాళ్ళు చెప్పుకున్నారు.

లెక్చరరమ్మకు కావలసింది ఏమీ చేయని ఒక్క మనిషి. గురువారానికి కుడి గడిలో అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. ఎడమ గడిలో మానేసినవాళ్ళు మానేశామని ఒప్పుకోరు. చివరికి మొగుణ్ణే కూర్చోబెట్టి రికార్డరు నొక్కింది.

"మీరు ఫ్యాను కట్టేయడం ఎందుకు మర్చిపోయేవారో చెప్పండి."

"అదేంటంటే..."

"అంటే ఇది మీ ఒక్కరి మతిమరుపు కాదు. అలవాటు అనేది సమాజం మన చేత చేయించేది..."

తర్వాత వింటే రికార్డింగు యాభై రెండు నిమిషాలుంది. అందులో ఆయన మాట్లాడింది మూడు నిమిషాలు. ఆ మూడులో ఒకటి "నేను మంచినీళ్ళు తాగొచ్చా" అనేది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆమె డీలా పడిపోయింది. భోజనాల బల్ల మీద రికార్డరు, అంగీకార పత్రాల కట్టా పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అత్తగారు వచ్చి కూర్చుంది, చేతిలో ఒక చిన్న పుస్తకంతో.

"నన్ను అడుగమ్మాయ్. టీవీ అత్తనేగా."

లెక్చరరమ్మకు ప్రాణం లేచొచ్చింది. గబగబా రికార్డరు నొక్కింది. "నిజంగానా అత్తయ్యా? ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి. ఇదొక కాపీ మీకు, ఇదొకటి నాకు, ఇది యూనివర్సిటీకి."

అత్తగారు కాగితాలు తిరగేసింది. "కానీ వారం నుంచీ నేను టీవీ పెట్టలేదే. ఏమీ చేయని మనిషి కావాలంటే నేను పనికిరాను. ఇంట్లో ఇంకెవరున్నారో చూద్దాం." పుస్తకం తెరిచింది. "ఈ కాగితాలు ఎన్నిసార్లు ప్రింటు తీశావ్?"

"మూడుసార్లు. మొదటిసారి అక్షరాలు చిన్నవైపోయాయి. రెండోసారి..."

"ఊఁ."

అంతే అంది. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని కోడలి మొహంలోకి చూస్తూ కూర్చుంది. 

"రెండోసారి పేజీ నంబర్లు పడలేదత్తయ్యా. నాలుగు వందల కాగితాలు పోయుంటాయి."

"ఊఁ. లిఫ్టు?"

"ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాలిగా. రోజుకో పదిసార్లు."

"మంగళవారం ఇరవై ఒకటి" అంది అత్తగారు పుస్తకం చూసి. "నీ గదిలో ఏసీ?"

"ఫ్యాను చప్పుడు రికార్డరులో పడుతుందని."

"రికార్డరు నాలుగురోజులుగా హాల్లోనే ఉందిగా."

లెక్చరరమ్మ కాగితాల కట్ట అంచులు సర్దింది.

"ఊఁ."

ఇలాంటి ఊఁలు పదకొండు అయ్యాక లెక్చరరమ్మ బల్ల మీద మోచేతులు పెట్టింది. "నిజం చెప్పమంటారా అత్తయ్యా? నేనొక్కదాన్ని ఏసీ కట్టేస్తే ఈ ఎండలు తగ్గుతాయా? తగ్గవని తెలుసు. అలాగని ఊరికే కూర్చుంటే సిగ్గుగా ఉంటుంది. అందుకే దాని మీద థీసిస్ రాస్తున్నాను. రాస్తుంటే ఏదో చేస్తున్నట్టే ఉంటుంది. రాయడానికి ఏసీ కావాలి."

అత్తగారు పుస్తకం మూసింది. లేచి గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చింది. రికార్డరు అప్పటికి గంటా నాలుగు నిమిషాలుగా తిరుగుతోంది.

సోమవారం పొద్దున ఆమె గైడు గారికి క్షమాపణ ఉత్తరం టైపు చేసింది. ఇంటర్వ్యూ కుదరలేదని, రిజిస్ట్రేషన్ విషయం మీ దయ అని. పంపడానికి చెయ్యి రాక, "ఏవండీ, మీరే పంపండి. ఆ రికార్డింగు జోలికి మాత్రం పోకండి" అని కాలేజీకి వెళ్ళిపోయింది. ఆమె చివరి మాటలు అనేటప్పటికి ఆయన పక్క గదిలో ఫ్యాను కట్టేస్తున్నాడు, 'రికార్డింగు' అన్నదొక్కటే చెవిన పడింది.

పోయినసారి ఒకరికి పంపాల్సింది ఇంకొకరికి పోయిందని ఆయన మనసులో ఉంది. ఈసారి ఆ పొరపాటు జరగడానికి వీల్లేదు. అందుకని ఉత్తరమూ రికార్డింగూ రెండూ, గైడుకీ గ్రూపుకీ ఇద్దరికీ పంపాడు.

ఆమె సాయంత్రం ఇల్లు చేరేసరికి మెట్ల మీద జనం ఉన్నారు. తిట్టడానికి వచ్చారనుకుని వెనక్కి తిరగబోయింది. కానీ వాళ్ళు ఆమెను చూసి దారిచ్చారు. అది అత్తగారి కోసం కట్టిన క్యూ. మొదట ఇంజనీరు గారు, తువ్వాలు భుజాన వేసుకుని. "పెద్దమ్మగారితో మాట్లాడాలమ్మా. షవరు సంగతి. పదేళ్ళుగా బకెట్టు పేరు చెప్పుకుని తిరుగుతున్నాను, ఎంత విసుగ్గా ఉంటుందో ఎవరికి చెప్పుకోను?" ఆయన వెనక కాంట్రాక్టరు. "ఆ రెండో కారు కూడా నాదేనండీ. లోపల అది మా బావమరిదిదని చెప్పేయకండి." ఆ వెనక పైపు పిన్ని, మెట్ల మాస్టారు, డాక్టరు గారు. అందరూ ఏమీ చేయనివాళ్ళ గడిలో చోటు కోసమే వచ్చారు. లోపల అత్తగారు మంచం మీద రికార్డరు పెట్టుకుని "ఊఁ" అంటోంది.

గైడు గారి ఫోను అప్పుడే వచ్చింది.

"రికార్డింగు విన్నాను. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ఇంటర్వ్యూ వినలేదు. గడువు ఆర్నెల్లు పెంచమని నేనే సిఫార్సు చేస్తున్నాను."

"సార్! చాలా థాంక్స్ సార్! అసలు నేనేమనుకున్నానంటే, ఇంటర్వ్యూ అనేది..."

"అడిగినావిడ ఎవరు?"

"మా అత్తగారు సార్."

"మిగతా పదకొండూ ఆవిడ చేతే చేయించండి. మీరు ఆ గదిలో ఉండకండి. ఒకటో నంబరు మనిషిగా మీరు చాలా పనికొచ్చారు."

ఆమె నోటుబుక్కు తెరిచి చూసింది. కుడి గడిలో ఆరో చోటులో, అత్తగారి గుండ్రటి అక్షరాలతో 'కాగితాల కోడలు' అని ఉంది.

ఇదీ జరిగింది. ఇప్పుడు లెక్చరరమ్మకు ఒక చిక్కుంది. మాట్లాడిన మనిషి ఎప్పుడు కావాలంటే అప్పుడు తన మాటలు వెనక్కి తీసుకోవచ్చని ఆమె రాసిన అంగీకార పత్రంలోనే ఉంది. మూడుసార్లు ప్రింటు తీసింది కూడా. కాకపోతే, అలా తీసుకోవాలంటే ప్రశ్నలడిగిన వ్యక్తికి ఎదురుగా కూర్చుని కారణం చెప్పాలని ఏడో షరతు కూడా తనే పెట్టింది. రోజూ గుమ్మం దాకా వెళ్తోంది, లోపలినుంచి "ఊఁ" వినబడగానే వెనక్కి వస్తోంది. అత్తగారితో ఈ మాట ఎలా కదపాలో తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, ఒక్క ముక్క చెప్పండి.

కాగితం మీద మాత్రం రాయకండి, ఆ ఇంట్లో ఇప్పుడు కాగితాలకీ లెక్క రాస్తున్నారు.