ఫైరింజను డ్రైవరు చేసిన నిప్పుకర్ర

ఆ ఉదయం ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పడమటి గాలి మాత్రం పొద్దున్నే లేచి, తీగల మీది బట్టలను లాగి చూస్తోంది. కర్రలు ఎండడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాడు ఫైరింజను డ్రైవరు.

ఆమధ్య బావమరిది అన్న మాట అతన్ని ముల్లులా గుచ్చుతోంది. "బావా, నీకు ఆర్పడమే గానీ అంటించడం రాదు. అగ్గిపెట్టె లేకపోతే చలికి వణకాల్సిందే!" అప్పట్నుంచి డ్యూటీలో ఖాళీ దొరికితే చాలు, స్టేషను వెనక షెడ్డులో చెక్కుడే పని. పాత పెట్టె చెక్కతో అడుగుపలక, దాని అంచున చిన్న గంటు. ఎండిన ఆముదపు కొమ్మతో బొటనవేలంత లావు పుల్ల. దాన్ని గిరగిరా తిప్పడానికి, వంచిన కర్రకు తాడు కట్టి విల్లు. పైనుంచి అదిమి పట్టడానికి గుంట తవ్విన రాయి.

క్యారియరు చేతికిస్తూ భార్య హెచ్చరించింది.

"ఇవాళ పెద్దాఫీసరు తనిఖీ. ఆయనకి నచ్చకపోతే మీకు బదిలీ ఖాయమట కదా. పిల్ల చదువు మధ్యలో ఉంది. ఆ కర్రల జోలికి వెళ్లారో, కొత్త ఊరికి మీరొక్కరే వెళ్లండి. మేం రాం."

"ఛ, ఇవాళ ముట్టుకుంటానా!"

ముట్టుకున్నాడు. ఆఫీసరు రావడానికి ఇంకా టైముందని విల్లు లాగాడు. పొగ లేచింది. గంటులో నల్లటి పొడి రాలింది. చేతులు పడిపోయేదాకా లాగినా ఎర్రటి చుక్క కనబడలేదు. అంతలో ముందువైపు జీపు ఆగిన చప్పుడు. కంగారులో పలక, పుల్ల, విల్లు, పొడి అన్నీ కలిపి గుడ్డపీలికల డబ్బాలో కుక్కి పరుగెత్తాడు. ఆ పొడి పైకి చల్లారినట్టే ఉంటుంది, లోపల మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. పొగ ఆగితే నిప్పు ఆరిందనుకోవడం ఫైరింజను నడిపే మనిషి చేయాల్సిన తప్పు కాదు.

పెద్దాఫీసరు మాటల పొదుపరి. గొట్టాలు చూశాడు, ట్యాంకు తట్టాడు. "ఈసారి ఫోనొస్తే నేనూ బండెక్కుతా. ఎంతలో చేరతారో చూడాలి" అన్నాడు.

ఆ మాట పూర్తవుతూనే ఫోను మోగింది. ఫోను దగ్గర కూర్చునే, స్టేషనులో అందరూ బాబాయని పిలిచే పెద్దాయన ఎత్తాడు. అవతల ఎవరో పెద్దావిడ.

"అయ్యా, మా మేడ వెనక షెడ్డులోంచి పొగ!"

"ఎవరి షెడ్డమ్మా?"

"ఎవరిదో నాకేం తెలుసు? పాలకేంద్రం పక్క సందులోకి రండి, మేడ మీంచి చెయ్యూపుతా."

బండి గేటు దాటింది. గాలి పొగను అవతలికి తోస్తోంది కనక వెనక్కి చూసినవాడు లేడు. డ్రైవరు బదిలీ భయాన్నంతా యాక్సిలరేటరు మీద పెట్టాడు. వీధి చివర తిరిగి, పాలకేంద్రం దాటి, సందులో దూరాడు. మేడ మీద పెద్దావిడ రెండు చేతులూ ఊపుతోంది.

"అదిగో నాయనా, ఆ గోడవతల!"

గోడవతల రేకుల మీంచి నల్లటి పొగ. పక్కనే తీగ మీద ఖాకీ చొక్కా ఊగుతోంది, జేబు మీద సిరా మరకతో. పొద్దున స్టేషను వెనక డ్రైవరు ఆరేసిన చొక్కా అది.

"ఎవరి షెడ్డయ్యా ఇది?" అన్నాడు పెద్దాఫీసరు.

గొట్టం పట్టినవాళ్లు అప్పటికే చుట్ట విప్పుతున్నారు.

"మనదే సార్" అన్నాడు డ్రైవరు.

గోడ మీంచే నీళ్లు కొట్టారు. వెనక తలుపు తీసుకుని బాబాయి బయటికొచ్చి నిలువునా తడిశాడు.

"ఎవర్రా అది, మన స్టేషను మీద నీళ్లు కొడుతోంది?"

మేడ మీంచి ఆవిడ మెచ్చుకుంది. "ఎంత తొందరగా వచ్చారు నాయనా! దగ్గర్లోనే ఉంటారా ఏంటి?"

అందరూ గొట్టం చుట్టడంలో మునిగిపోయారు.

మంట ఆరాక షెడ్డులో పెద్దాఫీసరు తడిసిన డబ్బాలోంచి సగం కాలిన విల్లు పైకి తీశాడు.

"నాదే సార్" అన్నాడు డ్రైవరు. "కర్రతో కర్ర రాసి నిప్పు తెద్దామని..."

"వచ్చిందా?"

"వచ్చిందని ఇప్పుడే తెలిసింది సార్."

పెద్దాఫీసరు తలుపు దగ్గరికి వేశాడు. డ్రైవరు కళ్లముందు సామాన్ల లారీ కదిలిపోయింది.

"మూడేళ్లుగా మా డాబా మీద ఇలాంటి విల్లే లాగుతున్నానయ్యా" ఆఫీసరు గొంతు తగ్గించాడు. "పొగ దాటి ముందుకు పోలేదు. మా ఆవిడ నవ్వని రోజు లేదు. ఈ గంటు ఎంత లోతు కోశావు?"

షెడ్డు అంటుకున్నప్పటికన్నా ఇప్పుడే డ్రైవరుకు దిమ్మ తిరిగింది.

"షెడ్డు నీ చేత్తోనే మళ్లీ కట్టాలి. నాకు నిప్పు వచ్చేదాకా మాత్రం నువ్వు ఈ ఊరు కదలడానికి వీల్లేదు."

మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల చుట్టూ క్యారియర్లు విప్పారు. పొగ వాసనలో, తడి బట్టలతో తిన్నారు. పెద్దాఫీసరుకు ఈ విద్య వీలైనంత నెమ్మదిగా నేర్పాలని డ్రైవరు రెండో ముద్దకే నిర్ణయించుకున్నాడు.