ఊరికే ఇచ్చే స్క్రూకి రేటెంత?

దుకాణంలో కూర్చుని వస్తువుల్ని ఊరికే ఇచ్చేవాడు సంఘానికి శత్రువు! ఈ మాట నేను నవ్వులాటకి అనడం లేదు. ధర లేని వస్తువు తాడూ బొంగరం లేని మనిషి లాంటిది. ఎవరి వెంట పడితే వాళ్ల వెంట పోతుంది. ఈ అరాచకాన్ని అరికట్టడానికే కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ పుట్టిందనీ, అందులో ధరల పట్టిక అనే వరం ఉందనీ మీలో ఎంతమందికి తెలుసు? తెలియదు కదూ! అందుకే మా బాబాయి సంగతి చెబుతున్నాను, శ్రద్ధగా చదవండి.

బాబాయిది కళ్లజోళ్ల దుకాణం. ఒక అద్దాల బీరువా, రెండు కుర్చీలు, గోడకి అక్షరాల బోర్డు, బల్ల సొరుగులో ఓ చిన్న డబ్బా. ఆ డబ్బా నిండా చీమ తలకాయంతేసి స్క్రూలు. కళ్లజోడు కాడ ఊడిందని ఎవరొచ్చినా సరే, బాబాయి నాలిక కొస పళ్ల మధ్య పెట్టుకుని స్క్రూ బిగించి, గుడ్డతో తుడిచి చేతికిస్తాడు. "ఎంతండీ?" అంటే "వెళ్లవయ్యా!" అంటాడు. ముప్ఫయ్యేళ్లుగా ఇదే వరస. ఎంత బాధ్యతలేనితనమో చూశారా?

ఇంతలో ఆ ఇంటికి కోడలొచ్చింది. చదువుకున్న పిల్ల, చురుకైన పిల్ల, మామగారి వ్యాపారాన్ని దారిలో పెట్టాలని నడుం బిగించిన పిల్ల. బల్ల మీద కంప్యూటర్ పెట్టి, "అన్నిటికంటే ముందు ధరల పట్టిక నింపాలి మామయ్యా. ప్రతి వస్తువుకీ ఒక స్టాండర్డ్ రేటుండాలి" అంది.

"ఎవరికిచ్చే రేటమ్మా?"

"అందరికీ ఒకటే!"

బాబాయి తెల్లబోయాడు. గంటసేపు బేరమాడేవాడికీ, నోరు తెరిచి అడగలేక నిలబడేవాడికీ ఒకటే రేటా? అయినా కొత్త కోడలి మాట కాదనలేక రెండు రోజులు కూర్చుని ఫ్రేములకీ, అద్దాలకీ, పెట్టెలకీ, చివరికి తుడుచుకునే గుడ్డకీ రేట్లు చెప్పాడు. మూడో రోజు స్క్రూ దగ్గరికొచ్చారు. కోడలు సున్నా కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి: ఈ ధర చెల్లదు.

"చెల్లకపోవడమేంటి? ముప్ఫయ్యేళ్ల నుంచీ చెల్లుతోందిగా!"

"సున్నా ఒప్పుకోదు మామయ్యా. పోనీ, ఒకటి వేద్దాం."

"అసలు దాన్ని ఎక్కించకమ్మా."

"అమ్మో! స్టాకు లెక్క తేలదు."

అలా స్క్రూకి రేటు పడింది. చూశారా సాఫ్ట్‌వేర్ మహిమ! మూడు దశాబ్దాలుగా ఏ హోదా లేకుండా బతికిన స్క్రూకి ఒక ధర, ఒక కోడ్ నంబరు, పట్టికలో ఒక వరస! మనలో ఎంతమందికి ఇంత గౌరవం దక్కింది?

మర్నాడు దుకాణానికి వియ్యంకుడు వచ్చాడు. అంటే ఆ కోడలి తండ్రి. కళ్లజోడు కాడ వదులైంది. బాబాయి ఎప్పటిలాగే బిగించి, తుడిచి, కాఫీ తాగించి పంపించాడు. తర్వాత కోడలు నేర్పినట్టుగా తెర మీద ఆయన పేరు వెతికి, స్క్రూ దగ్గర టిక్కు పెట్టి, 'పూర్తయింది' అన్న బొత్తాం నొక్కాడు. నొక్కితే బిల్లు దానంతటదే అవతలివాళ్ల ఫోనుకి వెళ్లిపోతుందని పాపం ఆయనకేం తెలుసు?

వియ్యంకుడు వీధి మలుపు తిరిగేలోగా ఫోను మోగింది. 'స్క్రూ ఒకటి. దయచేసి వెంటనే చెల్లించగలరు.' సాయంత్రంలోగా మరో మూడుసార్లు మోగింది. మనుషులకి మొహమాటం అడ్డొస్తుంది గానీ సాఫ్ట్‌వేర్‌కి రాదు కదా! ఇదీ ఒక సుగుణమే.

తెల్లారేసరికి ఆయన దుకాణంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బల్ల మీద ఒక నాణెం పెట్టాడు.

"రశీదు ఇప్పించండి బావగారూ. బాకీ పడటం మా ఇంటా వంటా లేదు."

"అయ్యయ్యో, అదేం మాట బావగారూ! ఆ మిషను..."

"మరేం ఫరవాలేదు. పిల్లనే ఇచ్చుకున్నాం, ఒక స్క్రూ కొనుక్కోలేమా!"

బాబాయికి తల తీసేసినట్టయింది. లోపల్నుంచి వచ్చిన కోడలికి తండ్రి మాట చురుక్కుమని తగిలింది. ఇటు మామగారు నేలచూపులు చూస్తున్నారు, అటు తండ్రి తనకేసి చూడనే చూడటం లేదు. ఈ రెండిళ్ల మధ్యా రాకపోకలు ఒక్క స్క్రూతో తెగిపోతే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? గబగబా కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లు రద్దు చేయబోయింది. కారణం చెప్పమంది సాఫ్ట్‌వేర్. జాబితాలో మూడే కారణాలున్నాయి: వస్తువు తిరిగొచ్చింది, వస్తువు మారిపోయింది, వస్తువు విరిగిపోయింది. 'ఆయన మా నాన్న' అనే కారణం ఎక్కడా లేదు.

కళ్లనీళ్లు తుడుచుకుని 'విరిగిపోయింది' అని నొక్కింది. బిల్లు పోయింది.

భుజం మీంచి తొంగిచూస్తున్న తండ్రి కాడ పట్టుకుని కదిపి చూసుకున్నాడు. "విరగలేదే! ఉక్కులా ఉంది."

"విరిగింది నాన్నా! నువ్వూరుకో!"

ఆయన కూతురి మొహం చూశాడు. నాణెం తీసి జేబులో వేసుకున్నాడు. "అవునవును బావగారూ, విరిగింది" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాబాయి అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

పాఠకులారా, అసలు ప్రయోజనం ఇక్కడ మొదలైంది. ఆ రోజు నుంచి ఆ దుకాణంలో ఎవరికి బిగించిన స్క్రూ అయినా తెర మీద విరిగిపోతూనే ఉంది. ముప్ఫయ్యేళ్లు నిజాయితీగా ఊరికే ఇచ్చిన పెద్దమనిషి, ఇప్పుడు రోజుకి పది అబద్ధాలాడితే గానీ పది స్క్రూలు ఇవ్వలేకపోతున్నాడు. వ్యాపారం క్రమశిక్షణలో పడటమంటే ఇదే మరి!

నెలాఖరుకి సాఫ్ట్‌వేర్ ఒక నివేదిక పంపింది. 'మీ స్క్రూలు బొత్తిగా నాసిరకం. వీటిని పట్టికలోంచి తొలగించడం మంచిది.' కోడలు మామగారి కేసి చూసింది. "మిషనే చెప్పాక ఇంకేముందమ్మా, తీసెయ్" అన్నాడు బాబాయి అమాయకంగా. ఇప్పుడు స్క్రూల డబ్బా చీపురుతో పాటు దుకాణం ఖర్చుల్లోకి వెళ్లిపోయింది. దానికి రేటూ లేదు, బిల్లూ లేదు.

ధరల పట్టిక వరమని నేనన్నది అందుకే. అయితే కోడలు నిన్న ఒక విచిత్రం చెప్పింది. రెండు రోజుల నుంచీ ఆ దుకాణంలో కళ్లజోడు తుడిచే గుడ్డలు కూడా విరిగిపోతున్నాయట!