ఉప్పలయ్య ఎండబెట్టిన బ్యాటరీ

ఆ పొద్దున మబ్బు కమ్మింది. చినుకు లేదు, ఎండా లేదు. పత్తి పగిలి చేతికొచ్చే రోజులు కాబట్టి మా ఊరంతా తలెత్తి ఆకాశం వైపు చూసింది. మా పక్కింటి ఉప్పలయ్య మాత్రం తన ఇంటి రేకుల మీదికి చూశాడు. అక్కడ ఆయన మందు కొట్టే పంపు బ్యాటరీ మూడు రోజులుగా ఎండుతోంది.

అయ్యలారా, అమ్మలారా! ముందే ఒక మాట చెప్పేస్తాను, కోప్పడకండి. చచ్చిన బ్యాటరీని ఎక్కడ ఇవ్వాలో మా ఊళ్లో ఎవరికీ తెలియకపోవడం మేము చేసుకున్న పుణ్యం!

ఎట్లా అంటారా? పారేసే దారి తెలిస్తే మనిషి పారేస్తాడు. తెలియదు కాబట్టి దాచుకుంటాడు. దాచుకునేవాడికి మించిన సంసారి ఎవరు? మా ఇళ్లలో టీవీ వెనక, పోపుల డబ్బా పక్కన, బియ్యం సంచి కింద తడిమి చూడండి. ఉబ్బిన ఫోన్లు, ఊపిరి ఆగిన పవర్ బ్యాంకులు, వెలగని ఎమర్జెన్సీ లైట్లు! మా వెంకట్రాం బాపు అయితే కాలం చేసిన ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి దండేనికి తగిలించాడు. ఎందుకు బాపూ అంటే, "అండ్ల మనోళ్ల నంబర్లున్నయి బిడ్డా" అంటాడు.

కాలిపోయిన ట్యూబులైట్లను మేము చేను గట్టున పాతుతాం. అడవిపందులకు భయమట. పందుల సంగతేమో గానీ, చెప్పుల్లేకుండా తిరిగే మాకు మాత్రం చాలా భయం!

ఇక ఎండబెట్టే విద్య. టార్చిలైటు మసకబారితే సెల్లులు తీసి, పంటితో నాలుగు గాట్లు పెట్టి, ఒక పూట ఎండలో ఉంచి, ఇంకో వారం వెలిగించుకున్న తరం మాది. ఆ చదువే ఉప్పలయ్య ఈ లిథియం బ్యాటరీకీ చెప్పాడు. కొరకడం ఒక్కటే తక్కువ. పళ్లు ఊడిపోయాయి కాబట్టి బతికిపోయాడు.

నీలం ప్లాస్టిక్ చుట్టిన ఇటుకంత బ్యాటరీ అది. మబ్బు పట్టింది కదా అని దించి చూస్తే ఒక పక్క ఉబ్బి ఉంది. ఎండ లేకపోయినా వెచ్చగా ఉంది.

ఆయన భార్య నిర్మలక్క గడప మీద అడ్డంగా నిలబడింది. ఆమె వెనక, ముందు గదిలో, మొదటి ఏరుడు పత్తి నడుమెత్తు పోసి ఉంది. ఆ ఇంటికి ఏడాది బువ్వ అదే.

"దాన్ని లోపలికి తెచ్చినవంటే నేను బయటికి పోత. పత్తికి అంటుకుంటే ఏం తింటవ్? బ్యాటరీ తింటవా?"

"జర ఆగవే. ఎవరికన్న ఇచ్చొస్త."

"ఎవరికి?"

జవాబు వెతుక్కుంటూ ఆయన బ్యాటరీని సంచిలో వేసి, జనగామ బస్సెక్కి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సులో యాభై మంది ఉన్నారు. ఏమీ కాలేదు. దేవుడు టికెట్ లేకుండా బస్సుల్లో తిరుగుతున్నాడని ఇంకా రుజువు కావాలా?

పంపు అమ్మిన షాపులో ధీరజ్ అనే కుర్ర యజమాని సంచిలోకి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "కాకా, అమ్ముడే మా పని. చచ్చినయి గూడ తీస్కుంటే గిది షాపా, బొందలగడ్డనా?"

పాత సామాను కొనేవాడు చేత్తో తూచాడు. "సీసం లేదు గిండ్ల. కాలిందంటే నా దుకాణం పోతది. అవుతలికి పట్టుకపో!"

తిరిగి మా ఊరికి వచ్చి పంచాయతీ కార్యదర్శి సంధ్య మేడం ముందు పెట్టాడు.

"తడి చెత్తనా, పొడి చెత్తనా?" అందామె రాస్తున్న రిజిస్టర్ లోంచి తలెత్తకుండా.

"తడి కాదు మేడం. మూడు రోజులు ఎండబెట్టిన."

అప్పుడు తలెత్తి చూసింది. "అయ్యో, గిది హానికరమైన చెత్త! దీనికి వేరే డబ్బా ఉండాలె. మనకింక రాలే, పైకి రాసినం. వచ్చేదాంక ఇంట్లనే పైలంగ పెట్టుకో."

ఇంట్లో పత్తి! సాయంత్రం ఉప్పలయ్య నా గుమ్మం ముందుకొచ్చాడు. "ఏం జెయ్యాలె, చెప్పరాదు?"

"పొడి చెత్తల వెయ్. పొద్దున కమ్లీ పట్టుకపోతది" అన్నాను.

ఎంత తేలికైన ఉపాయం! ఎవరూ తీసుకోనిదాన్ని కమ్లీ తీసుకుంటుంది. తీసుకుంటావా అని ఆమెను ఎవరూ అడగలేదు కాబట్టి, కాదనే తిప్పలు కూడా ఆమెకు లేవు.

కమ్లీ తండా నుంచి నడిచొచ్చి పంచాయతీ ట్రాక్టర్‌లోకి చెత్త ఎత్తుతుంది. ఆమెకు గ్లవ్స్ ఇచ్చారు. ఫోటో దిగాక, చిరిగిపోతాయని బీరువాలో భద్రపరిచారు.

"గిండ్ల ఏమున్నదన్నా, గింత బరువు?" అంది తెల్లారి సంచి ఎత్తుతూ.

"ఏం లేదు కమ్లక్కా, పాత ఇనుము" అన్నాడు ఉప్పలయ్య.

నేను పక్కనే ఉన్నాను. దగ్గొచ్చినట్టు దగ్గాను.

ఆమె సంచిని ట్రాలీలో వేసి, చోటు కోసం అరచేత్తో అదిమింది. బడి మలుపు తిరిగేసరికి తెల్లటి పొగ, ఆ వెంటనే బుస్సుమని మంట. రెండు పక్కలా గడ్డివాములు, పత్తి పోసిన ఇళ్లు. కమ్లీ ఆ సంచిని చేత్తోనే పట్టి నడిరోడ్డు మీదికి విసిరేసింది. ఊరు మిగిలింది. ఆమె కుడి అరచెయ్యి తోలు ఊడింది.

ఊరు మేల్కోలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను! మర్నాటికి ఫ్లెక్సీ కట్టారు. "ప్రమాదకరమైన చెత్తను సరైన చోటనే వేయండి." ఏది ఆ చోటు అని ఒక్కరూ అడగలేదు. అడగడమెందుకు? అందరికీ తెలిసిందే. దానికి ఫారం అక్కర్లేదు, పైకి రాయనక్కర్లేదు. మాది కాదు అనదు. పొద్దున్నే ఇంటి ముందుకొస్తుంది. అది కమ్లీ చెయ్యి.

మొన్న దవాఖాన నుంచి కట్టుతో వస్తున్న కమ్లీని నిర్మలక్క ఆపింది. "ఇయ్యాల మా ఇంట్ల తినిపో అక్కా." తర్వాత నావైపు తిరిగి, "నువ్వు గూడ రా" అంది. అది పిలుపులా లేదు.

పత్తి కుప్ప పక్కన నాలుగు కంచాలు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, చింతకాయ తొక్కు.

కమ్లీ కూర్చుని ఒక్క మాటే అడిగింది. "అది ఇనుము కాదని నీకు ఎరుకనే గద అన్నా?"

ఉప్పలయ్య నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూశాను.

ఆమె ఎడమచేత్తో రొట్టె తుంచబోయింది. అది విరగకుండా కంచంలో జరిగిపోయింది. నిర్మలక్క దగ్గరికి జరిగి, రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి, పులుసులో నాననిచ్చింది. కమ్లీ ఎడమచేత్తో ఒక్కో ముక్కా తీసుకుని తింది. మేమూ తిన్నాం.