నిద్రపుచ్చే స్ప్రింగులు

మీ ఆవిడ పరాయి మగాడి కారులో హాయిగా నిద్రపోయి వచ్చిందని తెలిస్తే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం మా కారుకి స్ప్రింగులు మార్పించాను.

నవ్వకండి, సంగతి వినండి.

మాది షిబుకావా. ఊరు దాటితే కొండ, కొండ మీద ఇకాహో వేడినీళ్ల బుగ్గలు, మధ్యలో జడ అల్లినట్టు మలుపులు. ఆ రోజు మా ఆవిడ కినుయే చిన్ననాటి స్నేహితురాళ్లతో ఇకాహోలో స్నానాలకి వెళ్లి, కబుర్లలో పడి బస్సు అందుకోలేకపోయింది. నేనేమో నీటి శాఖ ఉద్యోగిని కాబట్టి, పగిలిన గొట్టం దగ్గర మోకాల్లోతు బురదలో ఉన్నాను. ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపినవాడు మా ఎదురింటి కురమోచి గారు.

ఆయన రిటైరైన పళ్ల డాక్టరు. స్పోర్ట్స్ కారు నడపడానికని ప్రత్యేకంగా చేతులకి తోలు తొడుగులు వేసుకుంటాడు. అలా స్టీరింగు పట్టుకుంటే దాని దవడపన్ను పీకబోతున్నట్టుంటుంది. మనసులో ఆయనకి తొడుగుల దొర అని పేరు పెట్టుకున్నాను.

ఆ కారులో సీట్లు రెండే. ఈ విషయం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను.

"ప్రయాణం ఎలా జరిగింది?" అన్నాను, మిసో సూపు ఊదుకుంటూ.

"ఏమో, నిద్రపోయాను."

"నిద్రా! ఆ మలుపుల్లోనా?"

"మలుపులే తెలియలేదండీ. కళ్లు తెరిచేసరికి మన గేటు."

సూపు కొరబోయింది. మాదీ రెండు సీట్ల కారే. పెళ్లయినప్పటి నుంచీ ఆ రెండో సీటు ఆవిడదే. అందులో ఒక్కసారైనా కునుకు తీయలేదు. తలుపు పిడి పట్టుకుని, కాళ్ల దగ్గర లేని బ్రేకు తొక్కుతూ, "ఎదర లారీ, ఎదర లారీ" అని జపం చేస్తుంది. అలాంటి మనిషి పరాయి సీటులో ఒళ్లు మరిచింది!

"నోరు తెరుచుకుని పడుకున్నావా, మూసుకునా?"

"నిద్రలో నాకెలా తెలుస్తుంది? ఆయన్నడగండి."

ఆయన్నడగాలట!

మర్నాడే గరాజు మొతెగి దగ్గరికి వెళ్లాను. మొతెగికి కార్ల గురించి మాట్లాడుతుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కొనేవాడికీ తిరుగుతాయి, బిల్లు చూశాక.

"కురమోచి గారి కారుకి ఏం వేశావు?" అన్నాను.

"కొత్త స్ప్రింగులు, కుదుపుని మింగే నూనె షాకులు. బండి కిందికి దిగింది, మలుపులో రోడ్డుని కరుచుకుంటుంది. ఆయనకి మధ్యరకం వేశాను సార్."

"నాకు అంతకంటే గట్టివి వెయ్యి."

"రేసులవాళ్లు వాడేవి ఉన్నాయి. రోడ్డు మీద నాణెం పడుంటే, అది బొమ్మో బొరుసో మీ వెన్నెముక చెప్పేస్తుంది."

"వాటిలో నిద్ర పడుతుందా?"

మొతెగి పానా కింద పెట్టి నా వైపు తిరిగాడు. "నడిపేవారికా సార్?"

మామగారిచ్చిన గోల్ఫు కర్రలు అమ్మేసి రేసు స్ప్రింగులు వేయించాను.

ఇక్కడ నా పెంపకం నా కొంప ముంచింది. మా నాన్న క్యాబేజీ రైతు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. "చదువుకున్నవాడివి, ఇరుగుపొరుగుకి ఇబ్బంది పెట్టకురా" అని ఆయన రోజూ చెప్పేవాడు. ఇంట్లో మేకు కొట్టాలన్నా ముందు పక్కింటికి ఏదో ఒకటి పట్టుకెళ్లి క్షమాపణ చెప్పే మనుషులం. కిందికి దిగిన కారు మా సందు మొదట్లో గీరుకుంటుంది, శబ్దం వస్తుంది. అందుకని సందులో ఇంటింటికీ బియ్యపు బిస్కెట్ల డబ్బా పట్టుకెళ్లి, నడుం వంచి, "కొత్త స్ప్రింగులు వేయించాను, కాస్త చప్పుడవుతుంది, మన్నించండి. మా ఆవిడకి మాత్రం చెప్పకండి" అని విన్నవించుకున్నాను.

తొడుగుల దొర ముందు కూడా వంగాను. ఆయన ముందు వంగినప్పుడు నడుం కంటే మనసు ఎక్కువ నొచ్చింది.

ఆదివారం కినుయేని ఇకాహోకి బయలుదేరదీశాను. మొదటి మలుపులో కారు పట్టాలెక్కినట్టు తిరిగింది.

"ఎలా ఉంది?"

"ఏది?"

"మలుపు."

"మలుపు బాగానే ఉంది. మలుపుకీ మలుపుకీ మధ్య రోడ్డుంది చూశారా, అదే..." అని ఆగింది. "నాలుక కొరుక్కున్నాను."

ప్రతి మురుగు మూత మా ఇద్దరినీ పేరుపేరునా పలకరించింది. ఆవిడ టోపీ వెనక్కి పోయింది, జడపిన్ను నా ఒళ్లో పడింది. సీసాలో టీ నురగెత్తింది. నిద్ర మాట దేవుడెరుగు, కనురెప్ప వాల్చడానికి కూడా ఆవిడకి తీరిక లేదు.

"నిద్ర వస్తోందా?" అన్నాను ఆశగా.

"ప్రాణం పోతోంది."

దారిలో ఉడాన్ హోటలు దగ్గర ఆగుదామని తిప్పితే, గేటు దగ్గర గట్టు మీద కారు పొట్ట ఆనుకుని కూర్చుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. లోపల నూడుల్స్ జుర్రుకుంటున్న జనం గిన్నెలతో సహా బయటికొచ్చి జుర్రుకుంటూ చూశారు.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద మెత్తగా వచ్చి ఆగింది, రెండు సీట్ల కారు. అద్దం దిగింది. తోలు తొడుగు కనిపించింది.

"అయ్యో నెగిషి గారూ, చెక్కపలకలు తెచ్చుకోలేదా?"

ఎంత పొగరు! నేను పడ్డ గోతిలో పలకలు వెతుకుతున్నాడు! "అవసరం లేదండీ" అన్నాను పళ్లు కొరుకుతూ. ఆయనకి పళ్లు కొరికేవాళ్లు కొత్త కాదు. కినుయే కొండల వంక చూస్తూ నిలబడింది. చివరికి హోటలు వంటవాళ్లు, తినేవాళ్లు కలిసి కారుని ఎత్తి పక్కన పెట్టారు.

ఇకాహో దాకా వెళ్లే మొహం లేక అక్కడినుంచే వెనక్కి తిరిగాను. సిగ్గేసి, దాచలేక, స్ప్రింగుల సంగతంతా కక్కేశాను. సమర్థించుకోవాలిగా మరి. "అసలు తప్పు స్ప్రింగుది కాదు కినుయే. స్ప్రింగు చుట్టకీ చుట్టకీ మధ్య ఎడం ఎంతుంటే..." అని మొదలుపెట్టి షాకులో నూనె దాకా వచ్చి పక్కకి చూశాను.

నిద్రపోయింది! తల అద్దానికి టకటక కొట్టుకుంటున్నా, నోరు తెరుచుకుని మరీ!

నా ఆనందానికి మాట ఆగిపోయింది. వెంటనే ఆవిడ కళ్లు తెరిచింది.

"ఆపారేం?"

మళ్లీ నూనె అందుకున్నాను. మళ్లీ గురక. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూ మహారాజులా ఇల్లు చేరాను.

"చూశావా?" అన్నాను గేటు దగ్గర. "నా కారులో నిద్రపోయావు! నిజం చెప్పు, కురమోచి గారి కారులో కంటే బాగా పట్టింది కదూ?"

"తొందరగా పట్టింది. పాపం ఆయన స్ప్రింగుల కబుర్లు అయిపోయి నూనెలోకి వచ్చాక పడుకున్నాను. మీరు చుట్టల దగ్గర ఉండగానే పడుకున్నాను."

నేను గేటు పట్టుకున్నాను.

కినుయే లోపలికి వెళ్లి అలమారు తలుపు తీసింది. తువ్వాళ్లు, సబ్బులు, టీ పొట్లాలు, ఊరగాయలు. మా సందులో డబ్బా పుచ్చుకున్న ప్రతి ఇల్లూ బదులు కానుక పంపేసింది. పుచ్చుకుని ఊరుకునే మనుషులెవరున్నారిక్కడ? మర్యాద తెలిసిన నేను మర్యాదలో రెండో సగం మరిచిపోయాను. చెప్పొద్దన్న మాట నిలబెట్టుకుని, అందరూ మా ఆవిడ చేతికే ఇచ్చి, ఏమీ చెప్పకుండా వెళ్లారట.

వాటి వెనక బంగారు రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పొడుగాటి కట్ట ఉంది. విప్పితే రెండు చెక్కపలకలు. పైన కురమోచి గారి పేరు.

"ఇవెప్పుడొచ్చాయి?" అన్నాను నీరసంగా.

"మొన్న. గట్టు ఎక్కేటప్పుడు చక్రాల కింద పెట్టుకోవాలని చీటీ కూడా ఉంది."

"మరి పొద్దున కారులో ఎందుకు పెట్టలేదు?"

"బాగుంది! నాకు తెలియని స్ప్రింగులకి నేను పలకలెలా పెడతానండీ?"