తాంబూలమిచ్చి రేవు పుచ్చుకున్న కంపెనీ

కంపెనీలకు మర్యాద తెలియదనేవాళ్ళ నాలిక మీద ఇంత సున్నం రాయాలంటాను! వట్టి సున్నమే. ఆకూ వక్కా ఇవ్వకుండా.

వెనకటి రోజుల్లో జమీందారుకు ఏదైనా కావాలంటే ఏం చేసేవాడు? బంట్రోతును పంపి లాక్కునేవాడు. అడగడం ఉందా? పెట్టడం ఉందా? ఇప్పటి కంపెనీ అలా కాదు. ముందు మన సమ్మతి పుచ్చుకుని, ఆ తరవాతే మన సొత్తు పుచ్చుకుంటుంది. ఎప్పుడు సమ్మతించామో మనకు గుర్తు లేదంటే అది మన మతిమరుపు గానీ కంపెనీ తప్పా?

నమ్మనివాళ్ళు రాజమహేంద్రవరానికి దిగువన గోదావరి గట్టు కింద ఉన్న మా పల్లెపాలేనికి వచ్చి లోవమ్మను అడగండి.

లోవమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పట్నం బజారుకు పోయే మనిషి. వేకువనే ఆమె మగడు పల్లంరాజు నావ రేవుకు చేరుతుంది. తట్ట నిండుతుంది. ఇక అక్కణ్ణించి చేపకూ సూర్యుడికీ పందెం. రేవు పాలేన్ని ఆనుకునే ఉంది గనక ఇన్నాళ్ళూ చేపే గెలుస్తూ వచ్చింది. సూర్యుడు గెలిచిన రోజున ఆ ఇంట్లో గంజి.

ఆ రేవు మీద కాశీవిశ్వనాథంగారి చూపు పడింది. వారు పట్నంలో పేరున్న వర్తకులు. ఈమధ్యే ‘కాశీవిశ్వనాథం అండ్ బ్రదర్స్ కంపెనీ’ అని బోర్డు కట్టారు. వారికి అన్నదమ్ములు లేరు. అదే గొప్పతనం! ఉన్న అన్నదమ్ములతో వ్యాపారం ఎవరైనా చేస్తారు. లేని అన్నదమ్ముల్ని కూడా కలుపుకుపోయే మనసు ఎంతమందికి ఉంటుంది?

వారి బియ్యం బస్తాలు పడవల మీద నత్తల్లా పోతున్నాయట. స్టీమరు తెప్పించారు. స్టీమరుకు లోతైన రేవు కావాలి. గోదావరి ఇంత పొడుగున్నా లోతు మాత్రం మావాళ్ళ రేవులోనే ఉంది. లోతుగా ఉండడం నీటి తప్పు, ఎవర్నేం అంటాం?

ఒకనాటి పొద్దున్నే కంపెనీ గుమాస్తా గున్నేశ్వరరావు పెద్ద పళ్ళెం పట్టించుకుని పాలెంలోకి వచ్చాడు. పళ్ళెం నిండా తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు. ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ చేతుల్లోకి ఎత్తునుంచి జారవిడిచాడు.

“ఏంటండీ ఇయ్యి?” అంది లోవమ్మ.

“శుభకార్యమమ్మా, పుచ్చుకో!”

“ఎవరింట్లోనండీ?”

“అందరి ఇళ్ళల్లోనూ!” అని నవ్వుకుంటూ పక్క గుమ్మంలోకి వెళ్ళిపోయాడు.

ముత్తయిదువ తాంబూలం వద్దంటుందా? పైగా షావుకారుగారి ఇంటి తాంబూలం! లోవమ్మ కళ్ళకద్దుకుంది. ఆమె అత్తగారు అప్పాయమ్మ అయితే అరుగు మీద కూర్చుని అప్పటికప్పుడే నమిలి, “ఆకు లేతదే, మనిషే ముదురు” అని గోడవార ఉమ్మింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ముసలమ్మల మాట ముందే పట్టించుకుంటే లోకంలో కంపెనీలు బతకగలవా?

మూడోనాటికి రేవు చుట్టూ గుంజలు పాతారు.

పల్లంరాజు నావ కట్టబోతే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. ఎంత బతిమాలినా వినలేదు. నావ వంపు తిరిగి, దిగువన బురదగట్టు దగ్గర ఆగింది. మోకాళ్ళ లోతు బురదలో తట్ట మోసుకుంటూ లోవమ్మ గట్టెక్కి పట్నం చేరేసరికి బజారు పలచబడిపోయింది. మిగిలిన చేపను ఈగలకే వడ్డించింది. సూర్యుడు గెలిచాడు.

సాయంత్రం ఆమె ఆ తట్టతోనే కంపెనీ అరుగు ముందుకెళ్ళి నిలబడింది.

“మా రేవులో గుంజలెందుకు పాతారండీ?”

గున్నేశ్వరరావు ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం! “అదేంటి లోవమ్మా! పాలెం మొత్తం తాంబూలం పుచ్చుకుంది కదా! రేవు కంపెనీకి ఇచ్చినట్టేగా?”

“శుభకార్యం అన్నారు గానీ రేవు మాట అనలేదు కదండీ!”

“రేవు కట్టడం శుభకార్యం కాదా? తాంబూలం పుచ్చుకుని మాట తప్పడం మీవాళ్ళలో ఉందా?”

లేదు మరి. మా పాలెంలో పిల్లకు తాంబూలం పుచ్చుకున్నాక వరుడికి కన్ను మెల్ల అని తెలిసినా పెళ్ళి ఆగదు. నావ అమ్మకానికి తాంబూలం పుచ్చుకున్నాక ఇంకొకరు రెట్టింపు ధర పెడతామన్నా బేరం తిరగదు. చదువురానివాళ్ళకు తాంబూలమే దస్తావేజు. ఆ సంగతి తెలిసిన కంపెనీ ఎంత విజ్ఞానవంతమైన కంపెనీయో చూడండి! జనం ఆచారాల మీద ఇంత గౌరవం ఏ జమీందారుకు ఉండేది?

అప్పుడే లోపలినుంచి కాశీవిశ్వనాథంగారు వచ్చారు. తట్టను చూసి నాలుగడుగులు వెనక్కి వేసి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎంతో ఆప్యాయంగా అన్నారు: “మాది శాకాహారపు ఇల్లమ్మా. నా జన్మలో ఒక్క చేపకు కీడు తలపెట్టలేదు. నావల్ల మీకు అన్యాయం జరుగుతుందా?”

నిజమే. చేపకు ఆయన ఏ కీడూ చెయ్యలేదు. చేపను నమ్ముకున్నవాళ్ళ సంగతి శాస్త్రంలో లేదు.

లోవమ్మ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. “తాంబూలం మన మెడకు ఉరి అయిందత్తా.”

అప్పాయమ్మ గోడవంక చూస్తూ ఆకు మడుచుకుంది. “ఉరికి రెండు కొసలుంటాయే పిల్లా” అంది.

స్టీమరు వచ్చే రోజు రానే వచ్చింది. రేవులో పందిరి, మామిడాకుల తోరణాలు, సన్నాయి మేళం. స్టీమరును చూడడానికి ఒక దొరగారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. దొరగారికి జనం కనబడాలి గనక ఆ ఒక్కరోజుకు గుంజలు దాటి పాలెంవాళ్ళను రానిచ్చారు. తమ రేవులోకి తాము రావడానికి సెలవు దొరికిందని మావాళ్ళు ఎంత సంతోషించి ఉంటారో ఊహించుకోండి!

కాశీవిశ్వనాథంగారు లేచి ఉపన్యసించారు. “ఈ పాలెంవాళ్ళు పరాయివాళ్ళు కారు. నా తోబుట్టువులు! నా బోర్డు మీద బ్రదర్స్ అని రాయించింది వీళ్ళను తలుచుకునే!”

చప్పట్లు ఆగకముందే లోవమ్మ జనంలోంచి లేచింది. ఉతికిన కోక, నుదుట ఇంత బొట్టు. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో ఆకులూ వక్కలూ. తిన్నగా వెళ్ళి షావుకారుగారి ముందు వంగింది.

“శుభకార్యమండీ బాబూ, పుచ్చుకోండి.”

షావుకారుగారు పళ్ళేన్ని చూశారు. దొరగారిని చూశారు. దొరగారు తోబుట్టువుల ప్రేమకు మురిసిపోయి చిరునవ్వు నవ్వుతున్నారు. ఏం చేస్తారు? రెండు వేళ్ళతో ఆకు ఎత్తుకున్నారు. సున్నం మాత్రం తమ వెండి బరిణెలోంచే తీసి రాసుకున్నారు. సోదరభావానికైనా ఒక హద్దుండాలి కదా! నోట్లో పెట్టుకుని నమిలారు.

“నమిలారాండీ?”

“ఊఁ” అన్నారు, ఆకు నోట్లో ఉంచుకునే.

“ఆయ్. అయితే రేవు మాకు తిరిగి ఇచ్చేసినట్టేనండి.”

సన్నాయి టక్కున ఆగింది. షావుకారుగారి బుగ్గ కదలడం మానేసింది. మింగితే రేవు పోతుంది. ఉంచుకుంటే మాట రాదు. పందిరి కిందున్న జనమంతా ఆ ఒక్క బుగ్గనే చూస్తున్నారు. చివరికి వారు పక్కకు తిరిగి, తమ కొత్త రేవులోకే ఉమ్మేశారు.

“ఉమ్మేశాను! చెల్లదు! మోసపు తాంబూలం ఎక్కడైనా చెల్లుతుందా?”

“ఉమ్మేస్తే చెల్లదాండీ?” లోవమ్మ గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి అడిగింది: “అత్తా! ఆ రోజు గుమాస్తాగారిచ్చిన ఆకు మనం మింగేశామా, ఉమ్మేశామా?”

“మింగడానికి అదేమన్నా పులస చేప ముక్కా పిల్లా?” అంది అప్పాయమ్మ. “ఉమ్మేశాం. కావాలంటే మా గోడ చూసుకోమను. మరక ఇంకా వదల్లేదు.”

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తరవాత సన్నాయివాడు నవ్వాడు. ఏం జరిగిందని దొరగారు అడిగితే తర్జుమా చేసే పని గున్నేశ్వరరావు మీద పడింది. అతను ఏం చెప్పాడో తెలియదు గానీ, పొద్దుట దొరగారి ముందు తాను చేసిన కంపెనీ పొగడ్తంత పొడుగ్గా మాత్రం చెప్పలేదు. దొరగారు కూడా నవ్వారు.

పల్లంరాజు మొలకు పంచె బిగించి మొదటి గుంజ పీకాడు. ఎవరూ ఆపలేదు. ఆపాలంటే తాంబూలం చెల్లుతుందనాలి. చెల్లుతుందంటే రేవు వదలాలి. చెల్లదంటే అసలు రేవు కంపెనీకి రానే లేదు. మర్నాడు నావ రేవుకే వచ్చింది. లోవమ్మ ఎండ ముదరకముందే తట్ట ఖాళీ చేసుకుని వచ్చింది.

అయితే కంపెనీ మీకు కీడు చేసిందంటావా అని అడుగుతారేమో. రామ రామ! మళ్ళీ అడుగుతున్నాను, ఇంత మర్యాద ఎవరికుంటుంది? అంత పరాభవం జరిగినా షావుకారుగారు మనసులో పెట్టుకోలేదు. నిన్ననే పాలెంలో ఇంటింటికీ ఆత్రేయపురం పూతరేకులు పంపారు. ఏ శుభకార్యమని అడిగితే, ఊరకే అభిమానమన్నాడు గున్నేశ్వరరావు.

పిల్లలు ఎంత ఏడ్చినా పాలెంలో ఎవరూ పొట్లం విప్పలేదు. పొట్లాలన్నీ అరుగుల మీదే ఉన్నాయి. చీమలు పుచ్చుకుంటున్నాయి. చీమల సమ్మతితో కంపెనీ ఏం కట్టుకుంటుందో కట్టుకోనీ.

అందుకే కంపెనీల మర్యాద మాకొక వరమంటాను. పాతకాలంలో పోయిన తరవాత గానీ ఏం పోయిందో తెలిసేది కాదు. ఇప్పుడు గుమ్మంలోకి తీపి వచ్చిందంటే చాలు, ఇంటిల్లిపాదీ లేచి ఏది పోబోతోందో చూసుకుంటున్నాం!