సుధాకర్ బండికి లోడు క్రౌను

సురంగల్ ఊరి సుధాకర్ ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. పికప్‌కు నీళ్ల ట్యాంకరు తగిలించుకుని, ఎనిమిదింటికల్లా గండిపేటలో కంప్యూటరు ఉద్యోగులకు కడుతున్న విల్లాల దగ్గరికి చేరాలి. వేళకు చేరితే రోజూ నీళ్లు తోలే పని అతనిదే. చేరకపోతే బండి వాకిట్లో కోళ్లకు నీడ అవుతుంది. భార్య కవిత వద్దంటున్నా, ఎడ్లు మెల్లగా నడుస్తాయని వాటిని అమ్మి కొన్న బండి అది.

వారం కిందట ఇదే బండి మొయినాబాద్ ఎత్తు ఎక్కలేక నిండు ట్యాంకరుతో వెనక్కి జారింది. అందుకే చేవెళ్ల మెకానిక్ రామన్న దగ్గరికి పోయి, వెనక ఇరుసులో చక్రాలను తిప్పే క్రౌను మార్పించాడు.

"స్పీడు క్రౌనైతే ఉరుకుతది, గుంజది. లోడు క్రౌనైతే గుంజుతది, ఉరకది. నడిమిది ఏసుకో అన్న," అన్నాడు రామన్న.

"నడిమిది నాకొద్దు. అన్నిట్ల ఎక్కువ గుంజేది ఏయి."

ఆ పొద్దున మళ్లీ మొయినాబాద్ ఎత్తు వచ్చింది. బండి గుక్క తిప్పుకోకుండా ఎక్కేసింది. సుధాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎత్తు దాటాక మాత్రం ఎంత తొక్కినా ఇంజను గగ్గోలు పెట్టిందే తప్ప చక్రాలు తొందరపడలేదు. సైకిలు మీద పాలాయన దాటిపోతూ జాలిగా చూశాడు. రోడ్డు ఒక పక్కంతా తవ్వి ఉండటంతో క్యాబులూ బస్సూ వెనకే చిక్కుకుపోయాయి. అన్నిటికన్నా ముందు, ట్యాంకరును ఆనుకుని, పూలు కట్టిన పెళ్లికొడుకు కారు.

ఆ కారు వెనక ఆటోలో ఉన్న పెళ్లి బ్యాండువాళ్లు తొంగి చూశారు. ముందు నత్తనడకన ఒక బండి, దాని వెనక పెళ్లికొడుకు. పెళ్లి ఊరేగింపు, అదే బరాత్, మొదలైందనుకుని దిగి వాయించారు. చుట్టాలంతా దిగి ఎగిరి చిందులేయసాగారు. పెళ్లికొడుకు చిన్నాయన నర్సింహులు ట్యాంకరు చూసి మురిసిపోయాడు.

"పిల్ల తరఫోళ్లు ఎదురుకోళ్ల మర్యాదకు నీళ్లు గూడ పంపిండ్రు. తాగుండ్రి."

"పెళ్లికి కాదన్నా, గండిపేటకు," అని సుధాకర్ కిటికీలోంచి మొత్తుకున్నాడు.

"పెళ్లి గూడ గండిపేటనే గదనే."

కుళాయి తిప్పినవాళ్లే గాని మూసినవాళ్లు లేరు. గండిపేట చేరేసరికి పదకొండయింది. ట్యాంకరు అడుగున కాసిని నీళ్లు మిగిలాయి. విల్లాల మేనేజరు దయానందం బ్యాండును చూశాడు, సుధాకర్‌ను చూశాడు.

"పని వేరేటోళ్లకు ఇచ్చేసిన. నువ్వు పెళ్లి చూస్కో."

సుధాకర్ బంపరు మీద కూలబడ్డాడు. ఎడ్లూ పోయాయి, పనీ పోయింది, ఇక కవితకు ఏ మొహం చూపించాలి?

అంతలో నర్సింహులు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, పొద్దుగూకినంక బరాత్‌కు నీ బండే గావాలె. అందరి బండ్లు ఉరుకుతయి, ఎగిరేటోళ్లు ఎనకబడతరు. నీదొక్కటే పద్ధతిగ నడుస్తది. మా బామ్మర్ది కొడుకు పెళ్లికి గూడ నిన్నే పిలుస్త."

సుధాకర్ సరేనని ఒప్పుకుని ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ అంతా చెప్పాడు. కవిత బియ్యం చేట కింద పెట్టింది.

"మెల్లగ పోనీకె అయితే ఎడ్లనెందుకమ్మినవ్?" అన్నది.