బ్యాండా? బందా?

ముక్కు మీద కోపం అంటారు గాని, కురుమూర్తికి ఉన్నంత కోపాన్ని అతని చిన్న ముక్కు మోయలేకపోయింది. అందుకే అది కిందికి దిగి మీసాల్లో కాపురం పెట్టింది. ఇంట్లో ఉంటే కుడి మీసం అదిరేది, నాగర్‌కర్నూల్ కచేరీలో ఉర్దూ గుమాస్తాగా కూర్చుంటే ఎడమ మీసం అదిరేది. ఆ ఏడు వానలు మొదలైన నాటి నుంచి రెండూ కలిసి అదురుతున్నాయి.

కారణం డోలు.

భార్య జానకమ్మ ఆడపిల్లల బడిలో పంతులమ్మ. తొలకరి పడే మిరుగు కార్తెలో ఒకరోజు బడి ముందు ఎడ్లబండి ఆగింది. అందులోంచి పెద్ద డోలు ఒకటి, చిన్న డోళ్లు రెండు, సొట్టపడిన బాకా ఒకటి, ఆరు పిల్లనగ్రోవులు దిగాయి. వెనకాలే హుకుం దిగింది. ఆడపిల్లలకు కవాతు బ్యాండు నేర్పాలట. దీపావళి లోపల మొహతమీం సాహెబు, అంటే జిల్లాలోని బడులన్నిటినీ తనిఖీ చేసే పెద్ద అధికారి, వచ్చి చూస్తాడట. బాగుంటే బ్యాండు ఇక్కడే ఉంటుంది. బాగా లేకపోతే వనపర్తి మగపిల్లల బడికి పోతుంది.

జానకమ్మ పెళ్లికి ముందు హైదరాబాదులో ఆరు వారాలు ఈ విద్య నేర్చుకుంది. పదేళ్ల నుంచి దాన్ని అడిగిన నాథుడు లేడు. హుకుం వినగానే ఆమె ముఖం దీపం పెట్టినట్టయింది.

"నేను చేస్త," అంది.

"చెయ్యి. నేనున్న గద," అన్నాడు కురుమూర్తి, పది రోజుల ముచ్చటే కదా అని. ఆ మాట అన్నందుకు తన నాలుకను తాను తిట్టుకోని పూట తర్వాత ఒక్కటీ లేదు.

వానాకాలంలో డోలు తోలు మెత్తబడుతుంది. మోగాలంటే సెగ చూపించాలి. బడిలో పొయ్యి లేదు, ఇంట్లో ఉంది. కాబట్టి సాయంత్రం కాగానే బడి ఆయా తాజ్‌బీ డోలును నెత్తిన పెట్టుకుని వచ్చి పొయ్యి ముందు దించేది.

"రొట్టె ఏది?"

"డోలు కాగుతున్నది."

"నేనడిగింది రొట్టెను."

"డోలు లేచినంక పెంక ఎక్కుతది."

"ఇక్కడ నా కడుపు కాలుతున్నది!"

"అది గూడ డోలంత ఉన్నది. జర కాగనియ్యున్రి."

యుద్ధకాలం. బట్ట కంట్రోలులో ఉంది, గజం దొరకాలంటే గజరాజు దిగిరావాలి. పిల్లలు పద్దెనిమిది మంది, అందరికీ ఒకే రంగు నడుముకట్టు కావాలి. ఒక పొద్దున కురుమూర్తి పెట్టె తెరిచి కేక పెట్టాడు.

"నా పెండ్లి రుమాలేదే? గద్వాల జరీ రుమాలు!"

"పద్దెనిమిది నడుముకట్లయింది."

"అది నా నెత్తిమీదిది!"

"మీ నెత్తిమీద ఊకె కూసుంటుండె. ఇప్పుడు నాలుగడుగులు నడుస్తది."

కచేరీకి పోతే అక్కడ బాలన్న. దస్తావేజులకు నకళ్లు రాయడం అతని కొలువు, మనుషులకు నకళ్లు తీయడం అతని రోగం. అందుకే అతన్ని నకలు బాలన్న అంటారు. కురుమూర్తి గడప తొక్కగానే రూళ్లకర్ర ఎత్తి, నడుము తిప్పుతూ, ఆడగొంతు పెట్టి "ఎడమ! కుడి!" అని నాలుగు బల్లల చుట్టూ కవాతు చేసేవాడు.

"ఏం కురుమూర్తీ, ఇంట్ల నువ్వు ముందు నడుస్తవా, ఎనక నడుస్తవా?"

కచేరీ కచేరీ అంతా నవ్వేది. ఇలాంటి నవ్వులు మోసేవాడికి కోపం రావాల్సింది నవ్వేవాళ్ల మీద. కానీ వాళ్లు నలుగురు, పైగా గట్టివాళ్లు. అందుకని కురుమూర్తి ఆ కోపాన్ని జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి భార్య ముందు దించేవాడు. మగవాళ్లలో ఈ తెలివి కొత్తది కాదు. మొహతమీం వచ్చిన రోజు కవాతు బజారు గుండా నడిచి సరిగ్గా కచేరీ వాకిట్లోకే వస్తుందని తెలిశాక, కోపం కాస్తా ఎత్తుగడ అయింది. బ్యాండు వనపర్తికి పోవాలి. పీడ విరగడ కావాలి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. కురుమూర్తి చేసే సాయమంటూ ఒకటుంది. బడికి వచ్చే కాగితాలన్నీ ఉర్దూలో ఉంటాయి, జానకమ్మకు తెలుగు తప్ప రాదు. ప్రతి కాగితం అతనే చదివేవాడు, ఆమె అక్షరం పొల్లుపోకుండా నమ్మేది.

ఆ సోమవారం తాజ్‌బీ మొహతమీం ఖత్తు తెచ్చింది. కురుమూర్తి విప్పాడు. "బేస్తవారం పది గంటలకు కచేరీకి వస్తున్నాను. ఆ వేళకు మదర్సా బ్యాండ్ ఉండవలెను." మదర్సా అంటే బడి. అంతే ఉంది. అయితే ఉర్దూ రాతలో బ్యాండుకూ బందుకూ తేడా కింద రెండు చుక్కలు, పైన ఒక చిన్న గుర్తు. రాసిన గుమాస్తా ఎవడో తొందర మనిషి. చుక్కలూ లేవు, గుర్తూ లేదు.

కురుమూర్తి మీసాలు రెండూ ఒక్కసారిగా శాంతించాయి.

"ఏం రాసిన్రు?" అంది జానకమ్మ.

"బేస్తవారం కచేరీ తనిఖీ ఉన్నదట. బడి బంద్ ఉంచుమన్నడు."

"బందా? మరి మా కవాతు?"

"దాని ముచ్చటే లేదు. బంద్ అంటే బంద్. చూడు, రాసి ఉన్నది."

ఆమె కాగితం తీసుకుని, తనకు రాని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. తర్వాత తాజ్‌బీని వెంటబెట్టుకుని బడికి పోయింది. గంటకు తిరిగి వచ్చింది.

"ఖత్తుకు జవాబు రాయాలె గద. రాయున్రి."

కురుమూర్తి కలం సిరాలో ముంచి, కాగితం మీద పెట్టకుండా ఆగాడు. నోటితో అన్నది గాలికి పోతుంది, కాగితం మీద రాసింది మెడకు చుట్టుకుంటుంది. ఇరవై ఏళ్ల కొలువు నేర్పిన పాఠం అది. కానీ గుమాస్తా బుర్ర ఊరుకుంటుందా? "హుకుం ప్రకారం బేస్తవారం పది గంటలకు" అని రాసి, ఆ పాడు బ్యాండ్-బంద్ మాట దగ్గర చుక్కలూ గుర్తూ ఎగ్గొట్టి, "తప్పక ఉంటుంది" అని ముగించాడు. రేపు ఎవరు నిలదీసినా ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకోవచ్చు.

"కింద మీ పేరు గూడ రాయున్రి. ఎవరు రాసిన్రో తెల్వాలె," అంది జానకమ్మ. రాశాడు. తాజ్‌బీ ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుని పోయింది.

తర్వాత మూడు రోజులు స్వర్గం. పొయ్యి ముందు డోలు లేదు. వేళకు వేడి రొట్టె, పుంటికూర, పైన నెయ్యి. జానకమ్మ పల్లెత్తు మాట అనలేదు. పెళ్లాం పల్లెత్తు మాట అనకపోతే భయపడాలని పదేళ్ల కాపురం చేసినవాడికి తెలియవద్దూ? కురుమూర్తి మాత్రం ఇంకో రొట్టె అడిగాడు.

బేస్తవారం పది గంటలకు మొహతమీం సాహెబు కచేరీ అరుగు మీద కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గుమాస్తాలు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. కురుమూర్తి మనసులో ఎడ్లబండి అప్పుడే వనపర్తి దారి పట్టింది.

అంతలో బజారు మొగలో ధన్‌మని మోగింది.

పీర్ల ఊరేగింపు ఇప్పుడేం వచ్చిందబ్బా అనుకున్నాడు. మళ్లీ ధన్, ధన్. మలుపు తిరిగి జానకమ్మ కనిపించింది. కొంగు నడుముకు చుట్టి, చేతిలో కర్ర నిలువుగా పట్టి, కళ్లు సూటిగా ముందుకు పెట్టి నడుస్తోంది. వెనక పద్దెనిమిది మంది పిల్లలు, నడుములకు గద్వాల జరీ. ముప్పై ఆరు పాదాలు ఒక్క పాదంలా పడుతున్నాయి. కొట్ల ముందు జనం లేచి నిలబడ్డారు. నకలు బాలన్న కట్టుకున్న చేతులు విప్పి, సిపాయిలా నిటారుగా నిలబడ్డాడు. కురుమూర్తికి ఒళ్లు మండిపోతోంది, కానీ అతని కుడికాలు మాత్రం చెప్పకుండానే తాళం వేస్తోంది.

కవాతు అరుగు ముందు ఆగింది. మొహతమీం లేచి చప్పట్లు కొట్టి, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఇక్కడ కురుమూర్తి ఎవరు?"

"నేనే, హుజూర్." గొంతు పిల్లనగ్రోవిలా వచ్చింది.

"శాబాష్! నా గుమాస్తా ఖత్తుల చుక్క పెట్టడు, గుర్తు పెట్టడు. మీరు మాత్రం బ్యాండ్ తప్పక ఉంటుందని చుక్కలతో సహా రాసి, మీ పేరు పెట్టి మాట ఇచ్చిన్రు. భార్యకు ఇంత అండగ నిలబడే మొగోన్ని జిల్లాల నేను చూడలే. ఈ బ్యాండ్ ఇక్కడ్నే ఉంటది."

కురుమూర్తి ఆ కాగితం వైపు మెడ చాచాడు. తన చేతిరాతే, తన సంతకమే. ఆ మాట కింద రెండు చుక్కలు, పైన గుర్తు, సుబ్బరంగా కూర్చున్నాయి. సిరా రంగు మాత్రం వేరు.

ఆ సాయంత్రం ఇంట్లో జానకమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. తాజ్‌బీ డోలు ఎత్తుకుని గడపలోకి వచ్చింది.

"చుక్కలు పెట్టిందెవరు?" అన్నాడు కురుమూర్తి, ఎదురుదాడే మేలని.

"నేనే, సాబ్," అంది తాజ్‌బీ తడుముకోకుండా. "నాకు ఉర్దూ వచ్చు. మా అబ్బాజాన్ నేర్పిండు. ఇన్నేండ్లల్ల నన్ను ఎవరన్న అడిగిన్రా?"

"ఆ సోమారమే బడికి పోయి చదివిపిచ్చుకున్న. డోలును ఈ మూడొద్దులు తాజ్‌బీ ఇంట్ల కాపిచ్చిన," అంది జానకమ్మ. పదేళ్లలో మొదటిసారి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "జవాబు రాయమన్నది ఎందుకనుకున్నవు? అప్పుడన్న నిజం చెప్తవేమో అని. నువ్వు డోలు మోయలే, ఏమనలే. రొట్టె కోసం లొల్లి పెట్టినవు, నవ్వుకున్న. కచేరోళ్లు నవ్వితే వాళ్లను ఒక్క మాట అనలే, నా మీదికి ఒర్రినవు, గదీ పడ్డ. కాని కాయితం నీ చేతుల పెట్టినప్పుడు నా కండ్లు నీకిచ్చిన. వాటితోటే నన్ను బాయిల తోస్తివి."

కురుమూర్తి మీసాలు కిందికి వాలాయి. కోపం కోసం లోపల వెతికాడు. ఉన్నదంతా ఆమె దగ్గరికి పోయింది.

"తప్పయింది," అన్నాడు నేల చూస్తూ.

ఆమె కొంగులోంచి ఇంకో ఖత్తు తీసింది. మొహతమీం పోతూ పోతూ ఇచ్చిందట.

"ఇటియ్యి, చదువుత," అన్నాడు అలవాటు కొద్దీ చెయ్యి చాపి.

"నువ్వు చదివింది చాలు. తాజ్‌బీ, చదువు."

"నా చేతుల డోలున్నది, పంతులమ్మా."

ఇద్దరూ కురుమూర్తి వైపు చూశారు. అతను లేచి డోలు అందుకున్నాడు. అది అనుకున్నదానికన్నా బరువుంది. తాజ్‌బీ చేతులు దులుపుకుని, ఖత్తు విప్పి, గొంతు సవరించుకుంది.

"వచ్చే నెల బ్యాండ్ వనపర్తి మొగపిల్లల బడికి పోయి వాళ్లకు కవాతు చూపియ్యాలె. పెద్ద డోలు మోయనీకె కురుమూర్తి వెంట రావాలె."

"నా పేరు రాసిండా?" అని ఎగిరాడు కురుమూర్తి. "ఏది, చూపియ్యి!"

"చూస్తే చూడున్రి, సాబ్," అంది తాజ్‌బీ, ఖత్తు మడిచి జానకమ్మ చేతికిస్తూ. "డోలు మాత్రం కింద పెట్టకున్రి. నేల తడిగున్నది."